నల్లమల అంచున కుక్క, పిల్లి సంరక్షణ: నాటువైద్యం, హోమియోపతి – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

పశ్చిమ ప్రకాశంలోని యర్రగొండపాలెం, దోర్నాల, మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు నల్లమల అడవికి ఆనుకొని ఉన్నాయి. ఇక్కడ కుక్క ఇంటికి కాపలా, మందకు తోడు, చెంచులకు వేట సహచరి. పిల్లి ధాన్యపుగాదెలకు రక్షణ. ఈ జంతువులకు జబ్బు చేసినప్పుడు వాడే నాటుమందులనూ హోమియోపతి మందులనూ నేడు ‘సహజ వైద్యం’ అనే ఒకే పేరుతో పిలుస్తున్నారు. స్వభావంలో పూర్తిగా వేరైన విషయాలను ఈ పేరు కలిపేస్తోందనీ, వాటిని వేర్వేరు ప్రమాణాలతో పరీక్షించాలనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. కుక్క జబ్బు మనిషికీ వన్యమృగానికీ సోకే అవకాశమున్న అడవి అంచు గ్రామాల్లో ఈ విచక్షణ ప్రాణావసరమని నిరూపించడం దీని లక్ష్యం.

కీలకపదాలు: నల్లమల, చెంచులు, నాటు పశువైద్యం, హోమియోపతి, ఉమ్మెత్త, రేబిస్, యర్రగొండపాలెం.

1. ఉపోద్ఘాతం:

నల్లమల చెంచుల జీవనాన్ని సమగ్రంగా నమోదు చేసిన తొలి మానవశాస్త్రవేత్తలలో క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్ ముఖ్యుడు. హైదరాబాదు రాజ్యంలోని అమ్రాబాద్ పీఠభూమి చెంచుల మధ్య పరిశోధన చేసి, 1943లో ‘ది చెంచూస్’ గ్రంథాన్ని ప్రచురించాడు. విల్లు, బాణం, తవ్వుకోల వంటి కొద్దిపాటి వస్తువులే ఆస్తిగా ఉన్న ఆ సమాజంలో కుక్క కుటుంబంలో ఒకటిగా కనిపిస్తుంది. కృష్ణకు దక్షిణాన, యర్రగొండపాలెం మండలంలోని పాలుట్ల వంటి గూడేల్లోనూ చెంచులు నివసిస్తున్నారు. మైదాన గ్రామాల్లో గొర్రెల కాపరులకూ మెట్టరైతులకూ కుక్క అవసరం తక్కువేమీ కాదు.

ఇంతగా మనిషిని అంటిపెట్టుకున్న జంతువుకు వైద్యం ఎవరు చేశారు? ఆ వైద్యంలో నేటికీ నిలిచేది ఏది, నిలవనిది ఏది? ఈ రెండు ప్రశ్నలు ఈ వ్యాసానికి ప్రాతిపదికలు. పట్టణాల్లో పెంపుడు జంతువుల సంరక్షణ పెరిగేకొద్దీ ‘రసాయనాలు లేని వైద్యం’ పట్ల మక్కువ పెరిగింది. గ్రామాల్లో పశువైద్యుని వద్దకు వెళ్లే దూరం, ఖర్చు నాటుమందుకు దారితీస్తున్నాయి. కారణాలు వేరైనా ఇద్దరూ చేరుతున్న చోటు ఒకటే కాబట్టి ఈ విచారణ ఉభయులకూ వర్తిస్తుంది.

2. శాస్త్రగ్రంథాల్లో శునక వైద్యం:

భారతీయ పశువైద్య వాఙ్మయం ప్రాచీనమైనది. ఏనుగులకు పాలకాప్యుని పేర హస్త్యాయుర్వేదం, గుర్రాలకు శాలిహోత్రుని పేర అశ్వశాస్త్రం ప్రసిద్ధాలు. తెలుగులో మనుమంచి భట్టు ‘హయలక్షణవిలాసము’ రచించాడు. యుద్ధానికీ రాజ్యానికీ అక్కరకు వచ్చిన జంతువులు గనుక వీటికి రాజాశ్రయంతో పాటు గ్రంథాశ్రయమూ లభించింది. పశ్చిమ చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దిలో కూర్చిన ‘మానసోల్లాసం’లో వేటకుక్కల ప్రస్తావన ఉన్నా, అది రాజవినోదాల వరుసలో వచ్చింది.

కుక్క వైద్యగ్రంథాల్లో ప్రధానంగా మరో రూపంలో కనిపిస్తుంది: రోగిగా కంటే రోగకారకంగా. సుశ్రుతసంహిత కల్పస్థానం ఏడవ అధ్యాయం పిచ్చికుక్క కాటును ‘అలర్కవిషం’గా చర్చించింది. కాటుపడిన మనిషి నీటిని చూసి భయపడే ‘జలత్రాసం’ మరణలక్షణమని అది గుర్తించింది. లక్షణాలు బయటపడిన రేబిస్ దాదాపు ఎల్లప్పుడూ ప్రాణాంతకమేనన్న ఆధునిక వైద్య నిర్ధారణకు ఈ పరిశీలన సన్నిహితంగా ఉంది.

గ్రంథాశ్రయం కొరవడడం వల్ల కుక్కకూ పిల్లికీ చేసే వైద్యం ఎక్కువగా మౌఖిక సంప్రదాయంలోనే మిగిలింది. 1990 దశకం నుంచి ‘అంత్ర’ వంటి సంస్థలు తెలుగు ప్రాంతాల నాటు పశువైద్య పరిజ్ఞానాన్ని నమోదు చేసినప్పటికీ, అందులో ప్రధానస్థానం జీవనోపాధికి ఆధారమైన పశువులు, మేకలు, గొర్రెలు, కోళ్లకే దక్కింది. పశువుల మందునే కుక్కకు, కుక్క మందునే పిల్లికి వాడే అలవాటుకు ఇదొక కారణం. ఒక జంతువుకు మేలుచేసిన మందు మరొక జంతువుకు విషమయ్యే ప్రమాదం ఇక్కడే మొదలవుతుంది.

3. ‘సహజం’ అనే మాటలోని మూడు అర్థాలు:

‘సహజ వైద్యం’ అన్నప్పుడు వాడుకలో మూడు వేర్వేరు విషయాలు స్ఫురిస్తున్నాయి.

మొదటిది పోషణ: తిండి, నీరు, నీడ, శుభ్రత. రెండవది మూలికావైద్యం. మూలికలో పనిచేసే ద్రవ్యం ఉంటుంది. కాబట్టి మోతాదు, జంతువు జాతి, వాడే పద్ధతి దాని గుణాన్ని నిర్ణయిస్తాయి. మూడవది హోమియోపతి. అధిక పొటెన్సీల్లో మూలద్రవ్యం మిగలకపోవడమే దాని ప్రత్యేకత. ద్రవ్యబలం మీద ఆధారపడిన వైద్యాన్నీ, ద్రవ్యం లేకుండానే పనిచేస్తుందని చెప్పే వైద్యాన్నీ ఒకే వర్గంలో చేర్చడం తర్కానికి నిలవదు. మూలిక విషయంలో ‘ఎంత, ఎవరికి, ఎలా’ అని అడగాలి. హోమియోపతి విషయంలో ‘అసలు పనిచేస్తుందా’ అని అడగాలి.

ఈ తేడాకు మంచి ఉదాహరణ ఉమ్మెత్త. మన చేలగట్ల మీద పెరిగే ఈ మొక్కను సుశ్రుతుడు అలర్కవిష చికిత్సలో పేర్కొన్నాడు. గ్రామాల్లో కుక్కకాటుకు ఇచ్చే నాటుమందుల్లోనూ ఇది వినిపిస్తుంది. ఉమ్మెత్తలో అట్రోపిన్, స్కోపోలమైన్ అనే తీవ్రమైన ఆల్కలాయిడ్లు ఉన్నాయి. మోతాదు మించితే నోరు ఎండిపోవడం, కనుపాపలు విప్పారడం, మతిభ్రమణం, చివరకు మరణం సంభవించవచ్చు. ఇదే జాతి మొక్క నుంచి హోమియోపతి ‘స్ట్రామోనియం’ తయారుచేస్తుంది. అధిక పొటెన్సీలో అందులో ఆల్కలాయిడ్ ఉండదు, కనుక విషప్రభావమూ ఉండదు. ఒకే మొక్క ఒక దారిలో అతిశక్తిమంతమైన ద్రవ్యంగానూ, మరో దారిలో ద్రవ్యరహితంగానూ రోగికి చేరుతోంది. రెండింటినీ ‘సహజం’ అనడం వల్ల రెండింటి స్వభావమూ మరుగున పడుతోంది.

4. పోషణ, మూలికలు – ఆధారాల వెలుగులో:

4.1 ఆహారం: మనిషితో కలిసి బతికిన క్రమంలో కుక్క పిండిపదార్థాలను జీర్ణించుకునే శక్తిని తోడేలు కంటే అధికంగా సంపాదించిందని 2013లో వెలువడిన జన్యుపరిశోధన తేల్చింది. అందువల్ల తగిన మాంసకృత్తులు తోడైతే సంగటి, అన్నం కుక్కకు సరిపడే ఆహారమే. పిల్లి స్థితి వేరు. అది కేవల మాంసాహారి. మాంసంలో లభించే టారిన్ అనే పోషకం తగినంత అందకపోతే దాని కంటిచూపూ గుండె కండరమూ దెబ్బతింటాయి. ఎలుకలను పట్టే పల్లెపిల్లికి ఈ లోటు ఉండదు. ఇంట్లో కట్టడిచేసి పాలన్నం, పెరుగన్నం మీద పెంచే పిల్లికే ఈ ప్రమాదం. ఉల్లి, వెల్లుల్లి కుక్క, పిల్లి రెండింటి ఎర్ర రక్తకణాలనూ నశింపజేస్తాయి. కాబట్టి మిగిలిన కూర, పులుసు కలిపి పెట్టే అలవాటును మానుకోవాలి. ఉడికిన కోడి ఎముకలు చీలి పేగుల్లో గుచ్చుకుంటాయి. మార్కాపురం ప్రాంతపు వేసవిలో రోజంతా నీడ, నీరు అందించడం ఏ మందుకన్నా ముందు చేయవలసిన పని.

4.2 చర్మవ్యాధులు, పిడుదులు: గజ్జికి గంధకం వాడడం పాత పద్ధతి. సున్నం, గంధకం కలిపి తయారుచేసే ద్రావణాన్ని తగినట్లు పలుచన చేసి కుక్కలకూ పిల్లులకూ నేటి పశువైద్యులు కూడా వాడుతున్నారు. పాత మందు పరీక్షకు నిలిచి ఆధునిక వైద్యంలో చోటు సంపాదించుకున్నదనడానికి ఇది నిదర్శనం. పాడిపశువుల పొదుగువాపుకు కలబంద, పసుపు, సున్నం కలిపి పైపూతగా వాడే పద్ధతిని జాతీయ పాడి అభివృద్ధి మండలి ప్రచారం చేయడం కూడా ఈ కోవలోనిదే. అయితే పొదుగుకు పూసే కలబందను కుక్కకో పిల్లికో తాగించరాదు. దాని పసరు వాటికి వాంతులు, విరేచనాలు కలిగిస్తుంది.

వేపలోని అజాడిరక్టిన్ కీటకాలను నిరోధిస్తుంది. సీతాఫలం గింజల పొడి పేలను చంపుతుంది. కాని ఆ పొడి కంట్లో పడితే కంటిపొర తీవ్రంగా దెబ్బతింటుంది. పిడుదులను తగ్గించడం ఒక సమస్య, పిడుదు ద్వారా ఇప్పటికే సోకిన జబ్బును నయం చేయడం మరో సమస్య. కుక్కపిడుదు ‘ఎర్లీకియా’ అనే సూక్ష్మజీవిని రక్తంలోకి చేరుస్తుంది. జ్వరం, చిగుళ్లు పాలిపోవడం, ముక్కు నుంచి రక్తం కారడం దాని లక్షణాలు. దీనికి డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ అవసరం. చర్మానికి పూసిన వేపనూనె రక్తంలోని సూక్ష్మజీవిని చేరదు. ఈ తేడా గుర్తించక రోజులు గడిపితే కుక్క ప్రాణం పోతుంది.

4.3 పిల్లి ప్రత్యేకత: పిల్లి కాలేయంలో కొన్ని ద్రవ్యాలను విరిచి బయటికి పంపే ఎంజైము పనిచేయదు. మనిషి జ్వరానికి వేసుకునే పారాసెటమాల్ ఒక్క మాత్ర పిల్లిని చంపగలదు. కర్పూరం, గాఢమైన సుగంధ తైలాలు కూడా పిల్లికి హానికరం. పిల్లి తన ఒంటిని తానే నాకి శుభ్రం చేసుకుంటుంది. కాబట్టి దాని చర్మానికి పూసినది కడుపులోకి చేరుతుందనే అనుకోవాలి. ‘పైపూతే కదా’ అన్న ధీమా పిల్లి విషయంలో చెల్లదు.

5. హోమియోపతి – చరిత్ర, పరీక్ష:

హోమియోపతి స్థాపకుడు శామ్యూల్ హానిమన్ 1810లో ‘ఆర్గనాన్’ ప్రచురించాడు. జంతువులకు ఈ వైద్యాన్ని విస్తరించినవారిలో లీప్జిగ్ పశువైద్యుడు విల్హెల్మ్ లుక్స్ ప్రముఖుడు. రోగద్రవ్యాన్నే పలుచన చేసి అదే రోగానికి మందుగా ఇవ్వాలన్న ‘ఐసోపతి’ని 1833లో ఆయన ప్రతిపాదించాడు. అదే కాలంలో కాన్‌స్టంటైన్ హెరింగ్ వెర్రికుక్క లాలాజలం నుంచి ‘లిస్సిన్’ అనే మందును తయారుచేశాడు. ఇలా రోగద్రవ్యం నుంచి చేసే మందులను ‘నోసోడ్లు’ అంటారు.

తెలుగునాట హోమియోపతికి గౌరవస్థానం ఉంది. గుడివాడలో 1945లో స్థాపితమైన డాక్టర్ గురురాజు హోమియో వైద్య కళాశాల, రాజమహేంద్రవరంలో నటుడు, హోమియో వైద్యుడు అల్లు రామలింగయ్య పేర ఉన్న కళాశాల ఇందుకు సాక్ష్యాలు. తక్కువ ఖర్చు, తీపి మాత్ర, రోగి మాట ఓపికగా వినే వైద్యుడు – ఈ మూడూ హోమియోపతిని మధ్యతరగతి ఇళ్లకు చేర్చాయి. తమకు వాడే మాత్రనే తమ కుక్కకూ వేయడం దాని సహజ పరిణామం.

మందు తయారీని పరిశీలిస్తే సమస్య తెలుస్తుంది. ‘సి’ పొటెన్సీలో ప్రతి దశలోనూ ఒక వంతు ద్రవ్యాన్ని నూరు వంతులకు పలుచన చేస్తారు. 12వ దశకు ఒకటి పక్కన 24 సున్నాలంత పలుచన అవుతుంది. అవొగాడ్రో సంఖ్య ఆరు పక్కన 23 సున్నాలంత. అంటే ఆ దశ దాటాక మూలద్రవ్యపు అణువు ఒక్కటైనా మిగిలే అవకాశం క్రమంగా లుప్తమవుతుంది. సర్వసాధారణంగా వాడే 30వ పొటెన్సీలో పలుచన ఒకటి పక్కన 60 సున్నాలంత.

సిద్ధాంతం ఎలా ఉన్నా ఫలితం కనిపిస్తే అంగీకరించవచ్చు కదా అన్నది న్యాయమైన వాదన. ఆ ఫలితాన్నే పరీక్షించారు. బాణసంచా శబ్దానికి భయపడే 75 కుక్కలపై బ్రిటన్‌లో జరిపి 2008లో ప్రచురించిన అధ్యయనంలో, ఏ కుక్కకు మందు, ఏ కుక్కకు ఉత్తుత్తి మందు ఇస్తున్నారో యజమానులకు తెలియనివ్వలేదు. రెండు వర్గాల్లోనూ యజమానులు మెరుగుదలను గమనించారు. రెండింటి మధ్య చెప్పుకోదగ్గ తేడా మాత్రం కనిపించలేదు. హోమియోపతి పరిశోధనరంగానికే చెందిన రాబర్ట్ మేథీ, మరొక పరిశోధకుడు కలిసి 2014లో జంతువులపై జరిగిన ఇలాంటి ప్రయోగాలన్నింటినీ సమీక్షించారు. విశ్వసనీయమైనవిగా తేలిన రెండింటి ఫలితాలూ పరస్పరం భిన్నంగా ఉండడంతో, ఏ హోమియో మందు గురించీ సాధారణ నిర్ణయానికి రాలేమని పేర్కొన్నారు.

జంతువుకు మందుపై నమ్మకం ఉండదు గనుక, అది కోలుకుంటే మందు పనిచేసినట్లేనన్న వాదన తరచుగా వినిపిస్తుంది. జంతువు బాగుపడిందని చెప్పేది మాత్రం యజమానే. కీళ్లనొప్పి ఉన్న 58 కుక్కలపై 2012లో అమెరికాలో ప్రచురితమైన పరిశోధనలో, ఉత్తుత్తి మందు పొందిన కుక్కల నడక మెరుగైందని యజమానులే కాక పశువైద్యులు కూడా తరచుగా భావించినట్లు తేలింది. యంత్రాలు కొలిచిన నడకలో ఆ మార్పు లేదు. నమ్మకం జంతువుకు లేకపోయినా, దాన్ని చూసే కంటికి ఉంటుంది.

6. కుక్కకాటు – విచక్షణ తప్పనిసరైన చోటు:

నమ్మకం వల్ల జరిగే నష్టం కీళ్లనొప్పిలో కొంత బాధ. రేబిస్‌లో అది మరణం. అందుచేత ఈ చర్చకు అసలైన గీటురాయి కుక్కకాటు. నాటుమందుతో పిచ్చికుక్క కాటు నయమైందని చెప్పేవారు దాదాపు ప్రతి గ్రామంలోనూ ఉంటారు. వారు అబద్ధమాడడం లేదు. వారి అనుభవానికి మూడు కారణాలున్నాయి. ఒకటి, కరిచిన ప్రతి కుక్కకూ రేబిస్ ఉండదు. రెండు, రేబిస్ ఉన్న కుక్క కరిచినా ప్రతి కాటులోనూ వ్యాధి సోకదు. మూడు, వ్యాధి బయటపడడానికి సాధారణంగా రెండు మూడు నెలలు, కొన్నిసార్లు ఏడాది దాకా పడుతుంది. మందు తీసుకొని బతికినవారు దాని గొప్పతనానికి సాక్షులవుతారు. మరణించినవారు సాక్ష్యం చెప్పలేరు. నెలల తరువాత వచ్చిన మరణాన్ని పాత కాటుతో ముడిపెట్టి చూసేవారూ తక్కువే.

1885 జులై 6న లూయీ పాశ్చర్ జోసెఫ్ మైస్టర్ అనే బాలునికి తొలిసారి రేబిస్ టీకా వేశాడు. దక్షిణ భారతానికి ఆ చికిత్స 1907లో కూనూరులో నెలకొన్న పాశ్చర్ సంస్థ ద్వారా చేరువైంది. గొర్రె మెదడు నుంచి తీసిన పాత టీకాను బొడ్డు చుట్టూ వరుసగా పొడిచేవారు. ఆ బాధ పట్ల భయం కూడా జనాన్ని నాటుమందు వైపు నెట్టింది. ఆ టీకా మనదేశంలో రెండు దశాబ్దాల క్రితమే నిలిచిపోయింది. నేటి టీకాను చేతికే వేస్తారు. అయినా ‘బొడ్డు చుట్టూ సూదులు’ అన్న మాట జనస్మృతిలో ఇంకా మిగిలే ఉంది.

కాటుపడిన వెంటనే గాయాన్ని ధారగా పడే నీటితో, సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది. రేబిస్ వైరస్ పైపొరలో కొవ్వు ఉండడం వల్ల సబ్బు దాన్ని విచ్ఛిన్నం చేస్తుంది. కారం, సున్నం, కిరోసిన్, ఆకుపసరు గాయానికి పెట్టడం హానికరం. ఆ వెంటనే టీకా, లోతైన గాయమైతే దానితో పాటు ఇమ్యునోగ్లోబ్యులిన్ అవసరం. లిస్సిన్ గానీ మరే నోసోడ్ గానీ వీటికి ప్రత్యామ్నాయం కాదు. పిల్లి కాటుకూ ఇదే నియమం వర్తిస్తుంది.

7. అడవికి చేరే జబ్బు:

నాగార్జునసాగర్ – శ్రీశైలం అభయారణ్యం 1983లో పులుల సంరక్షణ కేంద్రమైంది. మార్కాపురం అటవీ విభాగం అందులో భాగం. ఇక్కడి కుక్క పగలు ఊళ్లోనూ రాత్రి అడవి అంచునా తిరుగుతుంది. చిరుతకు ఆహారమవుతుంది. పులి తిని వదిలిన కళేబరాన్నీ ముడుతుంది. కుక్కలకు వచ్చే డిస్టెంపర్ వైరస్ పులి, సింహం వంటి జంతువులకూ సోకుతుంది. 1994లో ఆఫ్రికాలోని సెరెంగెటిలో దాదాపు మూడోవంతు సింహాలు ఈ వైరస్ వల్ల మరణించాయి. 2018లో గుజరాత్ గిర్ అడవిలో సింహాల మరణాల్లోనూ ఈ వైరస్‌ను గుర్తించారు. టీకా లేని ఊరకుక్క ఒక కుటుంబానికి సంబంధించిన విషయంగా మిగలదు. అది అడవి ఆరోగ్యానికి కూడా సంబంధించినది.

ఒక ప్రాంతంలోని కుక్కల్లో 70 శాతానికి టీకా వేస్తే వాటి మధ్య రేబిస్ వ్యాప్తిని అరికట్టవచ్చన్నది అంతర్జాతీయంగా అంగీకరించిన ప్రమాణం. కుక్కల ద్వారా వచ్చే రేబిస్‌ను 2030 నాటికి నిర్మూలించాలని భారత ప్రభుత్వం 2021లో జాతీయ కార్యాచరణ ప్రణాళికను ప్రకటించింది. పాశ్చర్ తొలి టీకా వేసిన జులై 6వ తేదీనే ఏటా జూనోసిస్ దినంగా పాటిస్తూ, మన రాష్ట్ర పశుసంవర్ధక శాఖ పెంపుడు కుక్కలకు ఉచిత టీకా శిబిరాలు నిర్వహిస్తోంది. ఈ శిబిరాలు మండల కేంద్రం దాటి గూడెం దాకా చేరినప్పుడే ఆ 70 శాతం లక్ష్యం సాధ్యమవుతుంది.

8. ముగింపు:

‘సహజం’ అన్న విశేషణం మందు గుణాన్ని గానీ దోషాన్ని గానీ నిర్ణయించదని పై పరిశీలన వల్ల స్పష్టమవుతుంది. పోషణకు సంబంధించిన సంప్రదాయ జ్ఞానం చాలావరకు నేటికీ ఉపయోగకరం. మూలికలను ద్రవ్యంగా గుర్తించి, మోతాదు, జంతుజాతి తెలిసి వాడాలి. హోమియోపతి జంతువుల్లో ఉత్తుత్తి మందును మించి పనిచేస్తుందనడానికి నమ్మదగిన ఆధారం ఏర్పడలేదు. తనంత తాను తగ్గే స్వల్ప రుగ్మతలో దాని వల్ల హాని తక్కువే కావచ్చు. టీకాకు, పిడుదుజ్వరం చికిత్సకు బదులుగా దాన్ని వాడితే మాత్రం నష్టం తిరిగి పూడ్చలేనిది.

నాటువైద్యుడిని తోసిపుచ్చడం వల్ల ఈ సమస్య తీరదు. కుక్క కరిచినా, కుక్కకు జబ్బు చేసినా గూడెంలో ముందుగా వెళ్లేది ఆయన వద్దకే. గాయాన్ని సబ్బుతో కడిగించి వెంటనే ఆసుపత్రికి పంపే తొలి మనిషిగా ఆయనను తీర్చిదిద్దుకోగలిగితే, గ్రామానికి ఆయనపై ఉన్న నమ్మకమే ప్రాణరక్షణకు సాధనమవుతుంది. గ్రంథాలకెక్కని ఈ మౌఖిక శునకవైద్యాన్ని నల్లమల గూడేల్లో నమోదు చేయవలసిన బాధ్యత తెలుగు, జానపద, మానవశాస్త్ర పరిశోధకులది. దానిలో ఏది మందో, ఏది విషమో తేల్చవలసిన బాధ్యత పశువైద్య పరిశోధకులది. ఈ రెండు పనులూ కలిసి సాగాలి. నమోదు లేని పరీక్షకు వస్తువు దొరకదు. పరీక్ష లేని నమోదు ఉమ్మెత్తను కూడా ఔషధాల పట్టికలో చేర్చి ఊరుకుంటుంది.